మా అవ్వ చెప్పిన వెయ్యి

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు శ్రీను కొత్తగా కట్టిన గొర్ల దొడ్డి చూపిస్తానంటే పెద్దారవీడు దాటి మా పాత ఊరికి పోయాను. రేకుల షెడ్డు, సిమెంటు నేల, నీళ్ళ తొట్టి, అన్నీ బాగున్నాయి. ప్రతి గొర్రె చెవికీ ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఉంది. బిళ్ళ మీద పన్నెండు అంకెలు. పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఆ అంకెలను ఫోనులో కొట్టుకుంటున్నాడు. "ఇప్పుడు ఏ గొర్రె ఏదో సర్కారుకు తెలుస్తాది పెదనాయనా" అన్నాడు శ్రీను. "నీకు తెలుస్తాదా?" అన్నాను. "నాకెందుకు? ఫోన్లో ఉంది గదా!" అని నవ్వాడు. మళ్ళీ తనే, "మీ అవ్వ నాడు మనకు ఎన్ని గొర్లుండె పెదనాయనా?" అని అడిగాడు. నేను ఆలోచించుకోకుండా "వెయ్యి" అన్నాను. ఆసుపత్రి కుర్రవాడు ఫోనులోంచి తల ఎత్తాడు. "వెయ్యా సార్? రికార్డులో ఉందా?" అన్నాడు. ఉంది నాయనా. రికార్డులో ఉంది. ఆ రికార్డు వల్లనే నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత చదివిందంతా నాకు నేను చదువుకున్నదే. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. డెబ్బై ఏళ్ళుగా చల్లారని కోపంతో చెబుతున్నాను.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. ఏ నిఘంటువు తెరిచినా వెయ్యి అంటే పది వందలు అని ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా అవ్వ దగ్గర ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాసుకునేవాళ్ళు. మా ఇంట్లో పది వందలంటూ ఏ వస్తువూ ఎన్నడూ లేదు. వెయ్యి మాత్రం తెల్లవారి లేచింది మొదలు వినిపిస్తూనే ఉండేది. పిల్లవాడు తుమ్మితే "వెయ్యేండ్లు" అనేది అవ్వ. కాళ్ళకు మొక్కిన కొత్త కోడలికీ అదే దీవెన, కాళ్ళలో ముల్లు తీసినవాడికీ అదే దీవెన. మేకపిల్ల పాలచట్టిలో మూతి పెడితే "నీకు వెయ్యి మాట్లు చెప్పినా గదే" అని దాన్ని తిట్టేది, అది మొదటిసారి తప్పు చేసినా సరే. మా నాయన మందతో అడవికి పోయి చెప్పిన రోజుకు రాకపోతే "వెయ్యి కండ్లతో చూస్తాండా" అనేది. ఉన్న రెండు కళ్ళూ పొర కమ్మి సగమే కనిపించేవి ఆమెకు. నల్లమల మీద తొలి మేఘం కనిపిస్తే రెండు చేతులూ ఎత్తి "వెయ్యి దండాలు సామీ" అనేది. పెట్టింది ఒక్క దండమే. దేవుడు ఎన్నడూ దబాయించి అడగలేదు, మిగతావి ఏవని.

తొలకరికి మా వాకిట్లోకి వెయ్యికాళ్ళ జెర్రులు వచ్చేవి. నాకు అప్పుడప్పుడే లెక్కలు వంటబట్టిన రోజులు. కనిపించిందల్లా లెక్కపెట్టాలని ఒక దురద. పుల్ల పట్టుకుని ఒక జెర్రి వెంట మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. నలభై దాకా లెక్కపెట్టగానే అది పొయ్యి కట్టెల కిందికి దూరిపోయింది. మరునాడు బడిలో అడిగితే మా అయ్యవారు, ఏ జెర్రికీ నిజంగా వెయ్యి కాళ్ళు ఉండవని చెప్పాడు. నేను ఘనంగా ఇంటికి వచ్చి, "అవ్వా, దానికి వెయ్యి కాళ్ళు లేవంట" అన్నాను. అవ్వ ముక్కుపొడి పీల్చి, తీరిగ్గా తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు లెక్కబెట్టే లోపల అది నడిచిపోయిందా లేదా?" అంది. "పోయింది." "అదేరా మరి వెయ్యంటే" అంది. ఆ తరువాత నేను ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ మాటకు ఇంతకంటే మంచి అర్థం రాసినవాడు నాకు కనిపించలేదు.

మా ఇంటి వాసన ఏమిటంటే గొంగడి వాసన. తడిసిన గొంగడి వాసన ఒకటి, ఎండిన గొంగడి వాసన ఒకటి. వాటి మీద సజ్జరొట్టె కాలిన వాసన, గొర్రె పాలు పొంగి పొయ్యిలో పడిన వాసన, అవ్వ ముక్కుపొడి ఘాటు. వాన పడ్డప్పుడు దొడ్డిలోంచి లేచే ఆవిరి కొత్తవాళ్ళకు వాంతి తెప్పించేది. మాకు మాత్రం ఆ ఆవిరి ముక్కుకు తగిలితే ఆకలి వేసేది, ఎందుకంటే గొర్లు దొడ్డికి చేరాయంటే మాకు అన్నం పెట్టే వేళ అయినట్టు. పొద్దు వాలే ముందు అవ్వ పోయి దొడ్డి తడిక పక్కన గొంతుక్కూర్చునేది. తడిక ఒకవైపు కొంచెం తీసి, ఒక్కొక్క గొర్రే దూరేంత సందు వదిలేవాళ్ళం. లోపలికి పోయే ప్రతి గొర్రె వీపు మీదా అవ్వ చెయ్యి వేసేది. చెయ్యి వేసి పేరు చెప్పేది. బొల్లిది. కర్రిది. పుల్లకొమ్ముది. కుంటిదాని కూతురు. దొనకొండది. అది దొనకొండ నుంచి తెచ్చిన గొర్రె. కుక్క నోట్లోది అని ఒకటుండేది. అది పిల్లగా ఉన్నప్పుడు కుక్క నోట్లోంచి మా అమ్మ లాగిన గొర్రె. పెండ్లినాటిది అని ఇంకొకటి. ఎవరి పెండ్లో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ లోపలికి పోయాక అవ్వ లేచి, "మూతినల్లది రాలే. వాగు కాడ పండుకుంది, పో" అని మా నాయనను పంపేది. అది అక్కడే దొరికేది. లేని గొర్రె ఏదో ఆమెకు తెలుసు. ఉన్నవి ఎన్నో ఆమెకు తెలియదు. తెలుసుకోకూడదు కూడా.

అది మా ఇళ్ళలో కట్టుబాటు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అంటారే, అట్లాంటిదే ఇదీ, ఇంకొంచెం గట్టిది. ధాన్యం కొలవక తప్పదు. మందను మాత్రం వేలు చూపి లెక్కపెట్టకూడదు, అంకె నోట రాకూడదు. ఎందుకని అడిగితే అవ్వ తన పుట్టింటి సంగతి చెప్పేది. "మా నాయన మీ మాదిరే తెలివైనోడు. కట్టె మీద గాట్లు పెట్టి గొర్లను లెక్కబెట్టినాడు. ఆ ఏడే కరువొచ్చె. గాట్లు మిగిలినాయి, గొర్లు మిగల్లే." ఆ గాట్ల కట్టెను తాను చిన్నప్పుడు పొయ్యిలో పెట్టానని కూడా చెప్పేది. ఎవరైనా మందెంత అని అడిగితే మావాళ్ళు వెయ్యి అనేవాళ్ళు. అది గొప్ప చెప్పుకోవడం కాదు. అడిగినవాడికి మర్యాద, మందకు దీవెన, అంకెకు దడి. చుట్టుపక్కల ఊళ్ళలో ఈ సంగతి తెలియనివాడు లేడు. ఇది గుర్తుపెట్టుకోండి, తరువాత నా కోపానికి ఆధారం ఇదే.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజులవి. అప్పుడు మాది కర్నూలు జిల్లా. రాజధాని మన జిల్లాకే వచ్చిందని చావడి దగ్గర పెద్దవాళ్ళు మీసాలు దువ్వుకునేవాళ్ళు. రాజధాని వచ్చిందో లేదో కానీ మా ఊరికి కాగితాలు మాత్రం చాలా వచ్చాయి. ఒక ఎండపూట తాలూకా నుంచి గుమాస్తా ఒకాయన వచ్చి ఇంటింటికీ తిరిగి పశువుల లెక్క రాసుకున్నాడు. కురిచేడు వైపు మనిషి. మా అరుగు మీద కూర్చుని మా అమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు చెంబులు తాగి, "మా మేనమామలకూ మందలుండాయి" అని తనే చెప్పాడు. తరువాత బౌండు పుస్తకం తెరిచాడు.

"అవ్వా, గొర్లెన్ని?"

"ఉండాయి నాయనా, దేవుని దయ."

"ఎన్నుండాయో చెప్పు."

"మందుంది."

"మంద అని రాసేదానికి గడి లేదవ్వా. అంకె కావాల."

"వెయ్యి ఉండాయిలే. రాసుకొని పో."

ఆయన నవ్వాడు. నవ్వాడంటే తెలిసే నవ్వాడు. మేనమామల మందలను చూసి పెరిగినవాడికి ఆ మాట ఏమిటో తెలియకపోవడం ఉండదు. మంద మేతకు పోయినా, లేచి పదడుగులు నడిచి దొడ్డి గోడ మీది నుంచి తొంగి చూసుంటే అందులో వెయ్యి గొర్లు పట్టవని తెలిసిపోయేది. ఎండగా ఉంది, కడుపులో మజ్జిగ చల్లగా ఉంది, ఇంకా నలభై ఇళ్ళు ఉన్నాయి. ఒకటి పక్కన మూడు సున్నాలు చుట్టాడు. నేను ఆయన భుజం వెనక నిలబడి చూస్తున్నాను. అంకెలు చదవడం వచ్చిన గర్వం ఒకటి ఉంది కదా, "అవ్వా, వెయ్యి అని రాసినాడే!" అని అరిచాను. "రాయనీ రా, సల్లగుండనీ" అంది అవ్వ. ఆ రోజు మా ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం.

మా బడికి ఒకే గది, ఒకే అయ్యవారు. ఆయన పేరు దేవదానం. ఊరి బయట పాలెంలో ఉండేవాడు. ఆదివారం ప్రార్థనలో పాటలు పాడే గొంతుతోనే ఎక్కాలు చెప్పించేవాడు, అందుకే మా ఊళ్ళో పదమూడో ఎక్కానికి కూడా ఒక రాగం ఉండేది. మార్కాపురం పలకలు దగ్గరే తయారవుతాయి గనుక మా బడిలో అందరికీ మంచి పలకలే. వాటి మీద రాసే చేతులే కరువు, ఎందుకంటే గొర్రెపిల్లల వెనక పోయేవాళ్ళు సగం, పత్తి ఏరబోయేవాళ్ళు సగం. నేను ఐదో తరగతి ముగించాక అయ్యవారు మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడే మా నాయనతో చెప్పాడు. "వీన్ని ఇంతటితో ఆపొద్దు నాయనా. పట్నంలో బీదపిల్లలకు సర్కారు హాస్టలు పెట్టినారు. అన్నం పెడతారు, బట్టలిస్తారు, ఆరో తరగతిలో చేరుస్తారు. బీదవాళ్ళమని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టిన కాగితం ఒకటి తెచ్చుకుంటే చాలు." అయ్యవారిని పైకొచ్చి కూర్చోమని మా అమ్మ నాలుగుసార్లు అంటే గానీ ఆయన అరుగెక్కలేదు. అప్పటి ఊరు అట్లా ఉండేది. ఆ సిగ్గు ఊరిది, ఆయనది కాదు.

ఆ కాగితం కోసం మా నాయన పొద్దున్నే తాలూకాకు పోయి సాయంత్రం వచ్చాడు. తలపాగా విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తరువాత చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి చూశాడట. "వెయ్యి గొర్లున్న ఆసామివి, బీదోడని రాయమంటావా? నా ఉద్యోగం ఊడగొడ్తావా?" అన్నాడట. "అది మా అమ్మ అన్న మాట సామీ" అంటే, "మాటగా ఉన్నంతసేపే మాట. రాసినాక లెక్క" అన్నాడట. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. వచ్చే వారం మా ఊరి చావడికి క్యాంపుకు వస్తాడు. మందను అక్కడికి తోలుకు రావాలి. తన కళ్ళ ముందు లెక్కపెట్టిస్తాడు, పుస్తకం దిద్దుతాడు, సంతకం పెడతాడు.

ఇంట్లో పొయ్యి మీద ఎసరు కాగుతోంది. అవ్వే మొదలుపెట్టింది. "లెక్కబెట్టిస్తావా?" "లేకుంటే వాని బడి పోతాదమ్మా." "నేనేమన్నా చెడ్డమాట అంటినా?" "లే." "మరి?" మా అమ్మ, అత్త ఎదుట గొంతు ఎత్తని మనిషి, ఎసట్లో బియ్యం పోస్తూ వెనక్కి తిరగకుండానే అంది, "గొర్రెపిల్లలు ఏటేటా పుడతాయత్తా. వీడు ఆరో తరగతికి ఏటేటా పోడు." అవ్వ లేచి వాకిట్లోకి పోయింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఎండాకాలంలో మా ఊరి బీళ్ళలో గడ్డిపరక ఉండదు. మందలన్నీ నల్లమల లోపలికి పోతాయి. ఊరివాళ్ళు వంతుల మీద వాటి దగ్గర ఉంటారు. వానలు పడ్డాకే మంద ఊరికి దిగుతుంది. ఇప్పుడు లెక్క కోసమని వానకు ముందే రెండు రోజుల దారి నడిపించి, పచ్చిక నుంచి ఎండు నేలకు తీసుకురావాలి. దారిలో చూలు గొర్రెలు ఉంటాయి. అవ్వ ఒప్పుకుందో లేదో చూడకుండా మా నాయన గొంగడి భుజాన వేసుకుని అడవికి బయలుదేరాడు. అంతకు ముందు కానీ తరువాత కానీ ఆయన తల్లిని కాదని ఒక పని చేయడం నేను చూడలేదు. మంద ఊరి పొలిమేరకు వచ్చిన రోజు అరుపులు విని అవ్వ లేచింది. "వస్తా నేనూ చావిడి కాడికి" అంది. "అంకె మాత్రం నా నోట రాదు. పేర్లు చెప్తా. ఆ సామి గీతలు గీసుకుంటాడో, సున్నాలు చుట్టుకుంటాడో ఆయనిష్టం."

క్యాంపు రోజు పొద్దున చావడి ముందు కంప పాతి దొడ్డి మాదిరి కట్టారు. ఇన్‌స్పెక్టరుకు కుర్చీ. పక్కన ఆయన జవాను. దేవదానం అయ్యవారు పలక పట్టుకుని నేల మీద కూర్చున్నాడు, పేరుకు ఒక గీత గీసే పని ఆయనది. జవానుది తలలు చూసుకునే పని. ఊరంతా చేరింది. అవ్వ తడిక పక్కన తన మామూలు పద్ధతిలో గొంతుక్కూర్చుని మొదటి గొర్రె వీపు మీద చెయ్యి వేసింది. "బొల్లిది. ఇది బొల్లిదాని పెద్దకూతురు. ఇది కర్రిది, పోయినేడు ఈనలే. ఇది కుక్క నోట్లోది." ఇన్‌స్పెక్టరు ఇరవయ్యో పేరు దాకా విసుగ్గా గోళ్ళు చూసుకున్నాడు. తరువాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుంపులోంచి ఎవరో అరిచారు, "అవ్వా, నీ మనవళ్ళ పేర్లన్నా ఇంత బాగ చెప్తావా?" అవ్వ తల తిప్పకుండానే, "మనవడు తప్పిపోతే ఏడ్చి చెప్తాడ్రా, నేను ఫలానోని కొడుకునని. గొర్రె ఏమని చెప్తాది? దాని పేరు నేనే మోయాల" అంది. జనం నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి, జవానుకు సైగ చేశాడు. జవాను లోపలికి పోయిన గొర్రెను ఒకదాన్ని వెనక నుంచి తెచ్చి మళ్ళీ తడికలోకి నెట్టాడు. అవ్వ చెయ్యి దాని వీపు మీద పడింది, ఆగింది. "ఇది ఇందాకే పోయింది గద సామీ, పుల్లకొమ్ముది. ముసల్దానికి పరీచ్చ పెడ్తాండావా?" అంది. ఈసారి నవ్వు చావడి కప్పు దాకా పోయింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తి, "తప్పయింది అవ్వా, కానీ" అన్నాడు.

అన్నీ లోపలికి పోయాయి. ఎన్ని అని నన్ను అడగకండి, నూరుకు లోపలే అని మాత్రం చెప్తాను. ఆమాత్రం చెప్పినందుకే అవ్వ ఎక్కడున్నా నన్ను తిడుతూ ఉంటుంది. అయ్యవారు పలక చూపించాడు. జవాను తన లెక్క చెప్పాడు. జవానుకు ఒక తల ఎక్కువ వచ్చింది. మళ్ళీ చూశారు. ఒకటి ఎక్కువే. ఆ ఒకటి ఏదో నేను చూశాను. మూతినల్లదాని పిల్ల, కొత్తగా ఎదిగిన ఆడగొర్రె, తడికలోంచి పోయేటప్పుడు అవ్వ దాని వీపు నిమిరింది, నోరు మాత్రం తెరవలేదు.

"ఒకటి పేరు లేకుండా పోయిందవ్వా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అవ్వ తడిక లాగి మూసింది.

"చెప్పమ్మా" అన్నాడు మా నాయన. ఆ గొంతు నేను ఎన్నడూ విననిది.

"అన్నీ చెప్పేస్తే మంద ఆడికే ఆగిపోతాది" అంది అవ్వ. "ఒకటన్నా మిగలాల."

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టాడు. "అట్లయితే నేను సంతకం ఎట్ల పెట్టేది? ఒకటి దాచినోళ్ళు నూరు దాచినారని రేపు నా మీద రాస్తే?" అని పుస్తకం మూశాడు. ఆ పుస్తకం మూసిన చప్పుడు నాకు బాగా గుర్తు. అయ్యవారు పలకను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. మా అమ్మ చావడి మూల నుంచి చూస్తోంది. నేను ఏడవలేదు కానీ, ఏడవలేదని చెప్పడానికి ఇప్పటికీ కొంచెం బలం కావాలి.

అవ్వ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. గుంపులో తడుముకుంటూ వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసింది, గొర్రె వీపు మీద వేసినట్టే. "దాచలే సామీ. అది మా మందలోది కాదు. ఈ ఓబులేసుది. ఇప్పుడే ఇచ్చినా, నలుగురూ వినండి. వీడు హాస్టలుకు పోయేటోడు. ఇంట్లో లేనోని గొర్రె ఇంటి మందలో ఎట్ల చేరతాది?"

"అయితే వీనికి ఆస్తి ఉందని రాయాల్నా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, నవ్వు బిగబట్టి. దేవదానం అయ్యవారు లేచి నిలబడి, "ఒక్క గొర్రె ఉన్నోన్ని ఏ సర్కారైనా బీదోడనే అంటాది సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. పుస్తకంలో దిద్దిన అంకె ఏదో నేను చూడలేదు, ఈసారి భుజం వెనక నిలబడే ధైర్యం లేకపోయింది. కాగితం మీద సంతకం మాత్రం పెట్టాడు.

మరునాడు అయ్యవారూ, మా నాయనా, నేనూ పట్నానికి పోయాం. మా అమ్మ ఉతికి ఇచ్చిన చొక్కా, చంకలో పలక. హాస్టలు గుమాస్తా కాగితం చదివి, తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. జాబితా మూసి నాలుగు రోజులయిందట. "వచ్చే ఏడు రాండి" అన్నాడు. వచ్చే ఏటికి కొత్త పిల్లలు, కొత్త జాబితా, కొత్త కాగితం. అప్పుడు తాలూకాలో పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి ఎత్తి రాసుకున్నారు. ఎత్తి రాసినవాడు దిద్దిన చోటు చూసుకోలేదు. మళ్ళీ మేము వెయ్యి గొర్ల ఆసాములమే అయ్యాం. దిద్దించడానికి మా నాయన ఎన్నిసార్లు తిరిగాడో, ఎన్ని జతల చెప్పులు అరిగాయో చెప్పను. మంద అప్పటికి అడవిలో ఉంది. మళ్ళీ దించమని ఆయన అడగలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు ఈ సంగతి ఎక్కడ చెప్పినా చదువుకున్నవాళ్ళు ఒకటే మాట అంటారు. "మీ అవ్వ మూఢనమ్మకం మీ చదువు తీసింది" అని. నాకు ఒళ్ళు మండుతుంది. మా అవ్వ తన పుట్టింటి నాటి భయాన్ని పక్కన పెట్టి, ఊరందరి ఎదుట, ఒక్క పూటలో మంద మొత్తం ఒప్పజెప్పింది. ఒక్క గొర్రె మిగిలితే దానికీ దారి కనిపెట్టింది. సగం చూపుతో, అక్షరం రాకుండా, ఒక్క తప్పు లేకుండా. రెండు కళ్ళూ ఉండి, జీతం తీసుకుని, గోడ మీది నుంచి తొంగి చూడనివాడిది మూఢత్వం కాదా? దిద్దిన అంకెను దిద్దినట్టు ఎత్తి రాయలేనివాడిది ఏ నమ్మకం? వాళ్ళకు అంకె రాయడం వచ్చు, అంతే. అంకెను నమ్మేముందు గొర్రెను చూడాలన్నది వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఈ రోజు కూడా నేను పింఛను కాగితం పట్టుకుని కిటికీ ముందు నిలబడితే లోపలి మనిషి నా మొహం చూడడు, తెర మీది నా నంబరు చూసి నేను బతికున్నానో లేదో నాకు చెప్తాడు. మా అవ్వ అయితే వీపు మీద చెయ్యి వేసి చెప్పేది. ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. అరుగు ఎక్కడానికి దేవదానం అయ్యవారిని నాలుగుసార్లు పిలవాల్సి వచ్చిన రోజులవి. కానీ ఒక మనిషిని, ఒక జీవాన్ని తెలుసుకోవడమంటే ఏమిటో ఆ తడిక పక్కన కూర్చున్న ముసలమ్మకు తెలిసినంత, ఇప్పుడు ఈ యంత్రాలన్నిటికీ కలిపినా తెలియదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను.

ఇక నా గొర్రె సంగతి. అవ్వ నలుగురి ముందు ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. హాస్టలు పోయింది, గొర్రె మాత్రం నాదే అయింది. దాని తొలి ఈతలో పొట్టేలుపిల్ల పుట్టింది. అది కాస్త పెరిగాక దేవదానం అయ్యవారు ఒక పని చేశాడు. ఆరో తరగతి ముగించిన పట్నం పిల్లవాడి ఇంటికి ఆ పొట్టేలును తోలించి, దాని బదులు వాడి పుస్తకాలన్నీ మూట కట్టి తెచ్చాడు. సిరా మరకలు, చివర్లో చిరిగిన పేజీలు, మధ్యలో ఎవరో గీసిన మీసాలు. నాకు అవే హాస్టలు. పొద్దంతా మంద వెనక పోతూ చదివేవాణ్ణి. అర్థం కానిచోట పుల్లతో గుర్తు పెట్టుకుని ఆదివారం ప్రార్థన ముగిసేదాకా పాలెం బయట రాయి మీద కూర్చునేవాణ్ణి. అయ్యవారు వచ్చి ఆ గుర్తులన్నీ విప్పి చెప్పేవాడు. తరువాతి ఈతకు ఏడో తరగతి పుస్తకాలు. ఆ తరువాత బడి పుస్తకాలు కాని పుస్తకాలు కూడా రావడం మొదలయింది, ఎవరెవరి అటకల మీది నుంచో, ఎవరెవరి చేతుల మీదుగానో.

ఒక సాయంత్రం, గొర్లు దొడ్డికి చేరాక, అరుగు మీద వెలుతురు ఉన్నంతసేపూ చదువుకుందామని కూర్చున్నాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నా ఒళ్ళోని పుస్తకాన్ని తడిమి, అట్ట మీద చెయ్యి వేసి చూసింది. "ఇది కొత్తదా?" అంది. "ఊఁ." "ఇంతకూ ఇప్పటికి ఎన్ని చదివినావురా?"

నేను వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాను. "పదకొండు అవ్వా" అన్నాను.

ఆమె చెయ్యి టక్కున వచ్చి నా నోటి మీద పడింది. ముక్కుపొడి ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నోర్ముయ్. అట్ల లెక్కబెట్టుకుంటే నిలుస్తాదంట్రా చదువు?"

"మరి ఎవురన్నా అడిగితే ఏమని చెప్పాల?"

"ఏమని చెప్పాల్నో నీకు తెల్దా?"

చెప్పాను.

"ఆఁ" అంది అవ్వ. చెయ్యి తీసి, పుస్తకం నా వైపు జరిపింది. "వెలుతురు పోతాంది. చదువుకో."